పదిహేడో నంబరు మంచం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఏది చదివినా నమ్ముతారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మొగుళ్ళ గురించి చెప్పుకునేటప్పుడు నాకు నోరెత్తే అవకాశమే ఉండదు. ఒకడు తాగుతాడు, ఒకడు కోడిపందేల్లో పడి ఇల్లు మరిచిపోతాడు, ఒకడికి నది అవతలి ఒడ్డున ఇంకో సంసారం. మా విదాల్ మాత్రం సాయంత్రం ఆరయ్యేసరికి వసారాలో కూర్చుని ఏదో పాత కాగితం చదువుతుంటారు. ఊరి హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా చరిత్ర చెబుతున్నారు. పుస్తకంలో ఉన్నదంతా జరిగిందనే చెబుతూ వచ్చారు. పిల్లలు పెద్దవాళ్ళై తేరుకున్నారు. ఈయన తేరుకోలేదు.

ఈ గుణాన్ని గుర్తించి దేశానికి ఉపయోగపెట్టిన దూరదర్శి మా వార్డు పార్టీ అధ్యక్షులు ఎవారిస్తో బెనెగాస్ గారు.

ఏప్రిల్ నెలలో ఒక ఉదయం పార్టీ ఆఫీసు మైకులో పాట ఆగిపోయింది. పాట ఆగిందంటే ఎవరో పోయారని మేం పొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకి వచ్చాం. పోయినవాళ్ళెవరూ లేరు. అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు.

"సాన్ ఎలోయ్ రేవు ప్రజలారా! పొరుగు దేశంతో మనం చేసిన చాకో యుద్ధం ముగిసి ఈ జూన్‌కి యాభై ఏళ్ళు. ఈ శుభ సందర్భంలో, పాడుబడిన మన మిలిటరీ ఆస్పత్రి మహోజ్జ్వల చరిత్రను వెలికి తీయాలని పార్టీ నిర్ణయించింది. చరిత్ర జూన్ పన్నెండో తేదీ ఉదయం పది గంటలకల్లా తయారవుతుంది. అదే సమయానికి రాజధాని నుంచి మంత్రిగారు దయచేస్తారు."

అలా పుట్టింది మిలిటరీ ఆస్పత్రి చరిత్ర అన్వేషణ, పునరుద్ధరణ, నిత్యస్మరణ సంఘం. అధ్యక్షులు బెనెగాస్ గారు. ఉపాధ్యక్షులు అయిదుగురు, అందరూ ఆయన బావమరుదులే. పని చేయడానికి కూడా ఒకరుండాలి గనుక సెక్రటరీ మా ఆయన.

నన్ను సంఘంలో ఎవరూ వేయలేదు. కానీ మా దేశంలో నలుగురు మగాళ్ళు కూర్చుంటే మధ్యలో తెరెరె తిరగాలి. ఒకే కొమ్ము, ఒకే గొట్టం, వంతులవారీగా అందరూ పీలుస్తారు. ఆకు మీద చల్లనీళ్ళు పోసి అందించే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ఎదుట ఎవరూ గొంతు తగ్గించరు. అందుకే ఈ చారిత్రక ఘట్టాలన్నిటికీ నేను దగ్గరుండి నీళ్ళు పోశాను.

మొదటి అన్వేషణ ఒక శనివారం జరిగింది. ఆస్పత్రి ఊరి చివర నది గట్టు మీద ఉంటుంది. ఆ రోజుల్లో స్టీమర్ల నిండా గాయపడ్డవాళ్ళనీ, నీళ్ళు లేని ఆ చాకో ముళ్ళడవిలో దాహంతో నాలుక నల్లబడ్డవాళ్ళనీ తెచ్చి అక్కడ దించేవారు. ఇప్పుడు గోడలున్నాయి. మిగతాదంతా ఆకాశమే.

అధ్యక్షులవారు మేకల్ని అదిలిస్తూ ఒక పెద్ద గదిలోకి నడిచారు. గది నడుమ జామచెట్టు విరగకాసి ఉంది.

"ఇదేనా ఆపరేషన్ గది?"

"ఇదేనండి," అన్నారు మా ఆయన.

"ఈ చెట్టు అప్పటిదేనా?"

"కాదండి. పదేళ్ళు కూడా ఉండవు దీనికి."

"ముసలిదానిలా కనబడుతోందే. వైద్యులు స్వహస్తాలతో నాటినది అని రాయి."

అయిదుగురు బావమరుదులూ టోపీలు తీశారు. ఒకాయన టోపీలోకి కాయలు కూడా కోసుకున్నారు.

మా ఆయన నోటు పుస్తకం తిరగేశారు. "అధ్యక్షా, కాగితాల ప్రకారం ఇక్కడ పెంకుల కప్పు ఉండాలి. ఏమైంది?"

"కాలం," అన్నారు అధ్యక్షులు, గంభీరంగా.

"తలుపులో? పదహారున్నాయి."

"కాలమే."

"నలభై ఇనప మంచాలు?"

"విదాల్, నువ్వు చరిత్ర మాస్టారివి. కాలం ఎంత పని చేస్తుందో నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. కాలం ఒక్క పెంకు కూడా పగలకుండా ఆ కప్పంతా విప్పి, అధ్యక్షుల వారి ఇంటి మీద తిరిగి పేర్చిపెట్టింది. ఆయన భోజనాల గది తలుపు మీద నీలం రంగు కిందనుంచి 'శస్త్రచికిత్స జరుగుచున్నది, నిశ్శబ్దం' అన్న అక్షరాలు ఇప్పటికీ లేచి కనబడతాయి. అతిథులు ఆ ఆదేశాన్ని పాటిస్తారు. అక్కడ భోంచేస్తూ అధ్యక్షుల వారికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

మా ఆయన ఇవన్నీ చూసి, కనుక్కుని, ఇంటికొచ్చి మినిట్స్‌లో ఉన్నదున్నట్టు రాశారు. 'తలుపు ఒకటి, ప్రస్తుతం అధ్యక్షుల వారి భోజనాల గదిలో.' నా చేతిరాత బాగుంటుందని మినిట్స్ సాపు రాసే పని నాకిచ్చారు. నేను 'ప్రస్తుతం అధ్యక్షుల వారి కుటుంబ సంరక్షణలో భద్రముగా' అని మార్చాను. ఇల్లాలికి ఇలాంటి చిన్న చిన్న కుట్టుపనులు తప్పవు.

సంఘం అన్వేషిస్తున్న చరిత్రకి కేంద్రం ఎవరో ఈ పాటికి అందరికీ తెలిసింది. అధ్యక్షుల వారి తండ్రి, కీర్తిశేషులు కర్నల్ ఫెర్మిన్ బెనెగాస్ గారు. యుద్ధంలో ఆయన కెప్టెన్‌గా బిస్కట్ల డిపో కాపాడారు. కర్నల్ అయింది యుద్ధం అయిపోయిన పద్దెనిమిదేళ్ళకి, పార్టీ అధికారంలోకి వచ్చాక. ఆయన అచ్చు వేయించుకున్న చిన్న పుస్తకంలో మా ఆయనకి ఇష్టమైన వాక్యం ఒకటుంది: 'మూడు గాయాలతో పదకొండు వారాలు పదిహేడో నంబరు మంచం మీద మృత్యువుతో పోరాడాను.'

"పదిహేడు!" అన్నారు అధ్యక్షులు. "మ్యూజియం నడుమ ఆ మంచం ఉండాలి. చుట్టూ ఎర్ర తాడు కట్టాలి. మంత్రిగారు దాని పక్కన నిలబడి ఫొటో దిగాలి. మంచం ఎక్కడుంది?"

"కాలం—" అనబోయారు ఒక బావమరిది.

"కాలం దగ్గర్నుంచి వెనక్కి తీసుకోండి!"

మర్నాడు మైకు మళ్ళీ మోగింది. ఆస్పత్రి సామాను వారం రోజుల్లో తెచ్చి ఇచ్చిన ప్రతివారికీ దేశభక్తి సర్టిఫికెట్. ఇవ్వనివాళ్ళు జాతి ద్రోహులు.

మా ఊరి దేశభక్తి అప్పుడు చూడాలి. తెల్లవారేసరికి ఆస్పత్రి ముందు వరస కట్టింది. కసాయి తన మాంసం నానబెట్టుకునే పింగాణీ తొట్టి మోసుకొచ్చాడు. మందుల బీరువాని ఫాదర్ గారు తెచ్చారు. అందులోనే ఇరవై ఏళ్ళుగా కూర్చుని మా పాపాలు విన్నారట. పక్కింటావిడ జెరేనియం మొక్కల్ని పెరికేసి, తెల్ల ఎనామిల్ కుండీలు అయిదు తెచ్చి వరసగా పెట్టింది. అవి మంచం పట్టినవాళ్ళ కింద పెట్టే పాత్రలని అప్పటిదాకా ఆమెకి తెలియదు. తెలిశాక నా వైపు చూడటం మానేసింది, ఎందుకంటే మొక్కలు బాగున్నాయని మెచ్చుకున్నది నేను.

పార్టీ ఆఫీసులో నడుమ రాతి బల్ల ఒకటుంది. ఒక చివర నీళ్ళు పోవడానికి కాలువ ఉంటుంది. ఊరి రాజకీయాలన్నీ దాని చుట్టూనే తేలతాయి, విందుల్లో మాంసం కూడా దాని మీదే కోస్తారు. అది ఆస్పత్రిలో ఇక లేవని రోగుల కోసం వాడేవారని అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ అడగలేదు.

మంచాలు ముప్పై తొమ్మిది వచ్చాయి. ఆ వారమంతా ఊరు నేల మీదా, ఉయ్యాలల్లోనూ పడుకుంది. తలాపున నంబరు రేకు ఉన్న ప్రతి మంచాన్నీ మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పరీక్షించారు. పదిహేడు లేదు.

ఉసూరుమంటూ ఇంటికొచ్చి తల్లి గదిలోకి వెళ్ళారు. మా అత్తగారు లియోన్సియాగారికి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళు పట్టేసి నాలుగేళ్ళుగా నడక తక్కువ. మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఆయన తల్లి పక్కన కూలబడి, తలాపు కడ్డీకి వేలాడుతున్న జపమాల పక్కకి జరిపి, గోటితో ఊరికే రంగు గోకారు.

"గోకకు. ఆ రంగు మీ నాన్న వేసింది," అన్నారు అత్తగారు.

రంగు కింద ఒకటి కనబడింది. ఇంకాస్త గోకితే ఏడు.

"అమ్మా! ఇది పదిహేడు!"

"అయితే ఏమిట్రా?"

"ఇది ఎక్కడిది?"

"ఆస్పత్రిది. ఎక్కడిదనుకున్నావు, రాణీగారి అంతఃపురానిదా? కట్లు కట్టే పిల్లగా నేను అక్కడ మూడేళ్ళు చేశాను. మూసేసిన రోజు పెద్ద డాక్టరుగారు ఏం కావాలే పిల్లా అనడిగారు. ఇది కావాలన్నాను. బండి మీద పంపించారు."

అంటే మా ఊళ్ళో ఆస్పత్రి సామాను అడిగి తెచ్చుకున్నది మా అత్తగారొక్కరే. జాతి ద్రోహి కూడా ఆవిడొక్కరే అయ్యారు.

మా ఆయన బతిమాలారు. చరిత్ర అన్నారు, భావితరాలన్నారు. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూనే విన్నారు.

"నువ్వు పుట్టింది దీని మీద. మీ నాన్న సిరియాకో నా చెయ్యి పట్టుకుని పోయింది దీని మీద. నేను పోయేది కూడా దీని మీదే. ఆ తర్వాత పట్టుకెళ్ళి ఏ తాడైనా కట్టుకోండి."

"ఎప్పటికమ్మా?" అని అడిగారు మా ఆయన. పాపం, తేదీ కోసమే అడిగారు.

"జూన్ పన్నెండుకి వీలుపడదు నాయనా."

మా ఆయన సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసరికి, మర్నాడు అధ్యక్షులవారే స్వయంగా వేంచేశారు. నేను తెరెరె అందించాను. ఆయన పీల్చి, కొమ్ము తిరిగి ఇచ్చి, చేతులు జోడించారు.

"లియోన్సియా పెద్దమ్మా, మా నాన్నగారి రక్తం పీల్చిన మంచం ఇది!"

"మంచం రక్తం పీల్చదురా ఎవారిస్తో. పరుపు పీల్చింది. దాన్ని నేనే కాల్చేశాను."

"రాజధాని నుంచి స్ప్రింగుల మంచం తెప్పిస్తాను. అద్దం కూడా ఉంటుంది దానికి."

"ఈ వయసులో నన్ను నేను చూసుకుని ఏం చేయను?"

అధ్యక్షులవారి చిరునవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం మా ఆయన వైపు తిరిగాయి. "విదాల్, తీర్మానం రాయి. మంచం జాతి ఆస్తి. పన్నెండో తేదీ పొద్దున్నే స్వాధీనం."

"మంచం మీద మా అమ్మ ఉందండి."

"అమ్మ అని రాయకు. 'తాత్కాలిక ఆక్రమణ' అని రాయి."

"దిగనంటే?"

"మంచం రావాలి. ఎలా వస్తుందో నాకనవసరం. నువ్వు సంతకం పెట్టకపోతే, మీ అమ్మ ఇన్నేళ్ళుగా సర్కారు సామాను దాచిందని నేనే పైకి రాయాల్సి వస్తుంది. ఆ తర్వాత నీ ఉద్యోగం మాట నేను చెప్పలేను."

మా ఆయన సంతకం పెట్టారు. ఆ మధ్యాహ్నం ఆయన పళ్ళెంలో కర్రపెండలం సగం ఉడికింది. మా పొయ్యిలో ఏ లోపమూ లేదు.

పదకొండో తేదీ సాయంత్రం అత్తగారికి తల దువ్వుతూ అడిగాను. "అత్తయ్యా, కర్నల్ గారు నిజంగా దీని మీదే పడుకున్నారా?"

"పడుకున్నాడు. పదకొండు వారాలు. ఆ పుస్తకంలో అబద్ధం లేదు."

"మూడు గాయాలూ?"

"మూడే. నేనే కట్టు కట్టేదాన్ని, రోజుకి రెండు సార్లు." ఆవిడ వెనక్కి తిరిగి నా మొహం చూశారు. "సెగ్గడ్డలే నిమియా! రెండు కుడి పిర్ర మీద, ఒకటి ఎడమ దాని మీద. బోర్లా పడుకుని, కట్టు విప్పితే చాలు వార్డంతా అదిరేలా అరిచేవాడు. ఒళ్ళంతా ఎండిపోయి వచ్చిన మీ మామగారు ఆ మంచం పక్కనే నేల మీద పడున్నాడు. గంటకి నాలుగు చెంచాల నీళ్ళు పట్టేదాన్ని. మంచం అడిగితే, ఆఫీసర్ని దింపకూడదన్నారు. పదకొండు వారాలు నేల మీదే బతికాడు. ఆ కెప్టెన్ గడ్డలు మానాక మీ మామగారు ఎక్కాడు పైకి. ఎక్కిన రోజు ఏడ్చాడు."

నేను దువ్వెన పక్కన పెట్టాను.

"మరి మీ అబ్బాయికి చెప్పలేదేం?"

"వాడు నన్నెప్పుడడిగాడు? కాగితాల్ని అడుగుతాడు గానీ."

పన్నెండో తేదీ ఎనిమిదింటికి నలుగురు మనుషులు వచ్చారు. మా అత్తగారు తలస్నానం చేసి, నల్ల శాలువా కప్పుకుని, మంచం నడుమ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. దిగమన్నారు. దిగనన్నారు. వాళ్ళు మొహమొహాలు చూసుకుని మంచాన్ని ఆవిడతో సహా ఎత్తారు.

ఇక్కడొకటి చెప్పాలి. మా ఊరి మగాళ్ళు నలుగురు కలిసి ఏదైనా భుజాన మోస్తారంటే అది సాన్ ఎలోయ్ పండగనాడు స్వామి పల్లకీయే. వాళ్ళకి వేరే నడక రాదు. మూడడుగులు ముందుకి, ఒక ఊపు పక్కకి. అలా ఊగుతూ మంచం వీధిలోకి వచ్చేసరికి, ఆడవాళ్ళు తల మీద గుడ్డ కప్పుకుని మోకరిల్లారు. బ్యాండువాళ్ళు ఇంట్లోంచి బూరలు తెచ్చుకున్నారు. చీపా రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ వెనకాలే నడిచింది. పండగన్నాక అమ్మకాలు బాగుంటాయి. ఎవరో ముసలామె మంచం దుప్పటి అంచు కళ్ళకద్దుకుని, మోకాళ్ళ నొప్పులు తగ్గించమని వేడుకుంది.

"నా మోకాళ్ళు చూసి మాట్లాడవే!" అని అరిచారు అత్తగారు పైనుంచి. "ఇంత చవగ్గా తగ్గేవైతే నేనిలా ఊరేగుతానా?"

మా ఆయన పక్కన నడుస్తూ "దిగు అమ్మా, నీకు పుణ్యముంటుంది" అంటూనే ఉన్నారు. "ఉండరా, ఊరు చూసి నాలుగేళ్ళయింది" అన్నారావిడ.

మంచం ఆస్పత్రికి చేరాక, పది గంటలకి మంత్రిగారు వచ్చారు. పొట్టి మనిషి, పొడుగు కారు. రేడియో వ్యాను కూడా వెంట వచ్చింది. నదికి రెండు ఒడ్డులా ప్రత్యక్ష ప్రసారం. అధ్యక్షులవారు పట్టుతెర లాగారు. కంచు ఫలకం మెరిసింది: 'శత్రువుకు ఏనాడూ వీపు చూపని కర్నల్ ఫెర్మిన్ బెనెగాస్ ఇచ్చట మూడు గాయాలతో శయనించినారు.' చప్పట్లు మోగాయి. తర్వాత మంత్రిగారు మంచం చూశారు. దాని మీదున్న మా అత్తగారినీ చూశారు.

"ఈమె కూడా మ్యూజియంలోదేనా?"

అధ్యక్షుల వారి సమయస్ఫూర్తి అసామాన్యం. "సజీవ చరిత్ర, మంత్రివర్యా! నాన్నగారి గాయాలకు కట్టు కట్టిన పుణ్యాత్మురాలు!"

మంత్రిగారు పరవశించి, రేడియో అతని చేతిలోంచి మైకు తీసుకుని, తానే ఆవిడ ముందు పట్టారు. "చెప్పండమ్మా. ఆ వీరుణ్ణి మీరు చూశారా?"

ఉపన్యాసాలన్నీ స్పానిష్‌లో సాగుతున్నాయి. అత్తగారు మాత్రం ఇంట్లో మాట్లాడే గ్వారనీలోనే అందుకున్నారు. నదికి రెండు ఒడ్డులా అర్థంకాని వాళ్ళు లేరు.

"మొహం అట్టే గుర్తులేదు బాబూ. మిగతాదంతా గుర్తుంది. పదకొండు వారాలు బోర్లా పడుకోబెట్టాం."

"బోర్లానా?" మంత్రిగారు ఫలకం వైపు ఒకసారి చూశారు. "గుళ్ళు వెనకనుంచి తగిలాయా?"

"గుళ్ళు కావు బాబూ, అవి—"

అధ్యక్షులవారు తండ్రికి చివరి రోజుల్లో స్నానం చేయించిన కొడుకు. ఏ మచ్చ ఎక్కడుందో ఆయనకీ తెలిసే ఉంటుంది. అమాంతం మైకు మీద పడ్డారు.

"ఈ మంచం కాదు! మంత్రివర్యా, సెక్రటరీ పొరపాటు! ఇది మా నాన్నగారి మంచం కానే కాదు! ఒరే, ఎత్తండర్రా, పెద్దమ్మని ఇంటికి చేర్చండి!"

మా ఆయన నోట్‌బుక్ తెరిచి, "రంగు కింద పదిహేడు ఉందండి, నేనే గోకాను" అన్నారు. నేను ఆయన కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను.

నలుగురూ మంచం లేపారు. మూడడుగులు ముందుకి, ఒక ఊపు పక్కకి. మంత్రిగారికి ఆసక్తి చావలేదు. మైకు లాక్కుని మంచం పక్కనే నడవసాగారు. తీగ సాగదీస్తూ రేడియో అతను వెనకాల పరుగెత్తాడు.

"పోనీ మంచం సంగతి వదిలేద్దాం. మీరు కట్టు కట్టింది కర్నల్ గారికేనా?"

అత్తగారు పైనుంచి అధ్యక్షుల వారి వైపు చూశారు. "ఏరా ఎవారిస్తో, నా మంచం మళ్ళీ అడగవు గదా?"

"అడగను పెద్దమ్మా! మా తల్లివి కదూ!"

"తీర్మానం?"

"చింపేస్తాను!"

"అయితే నాకింక చెప్పేదేం లేదు బాబూ," అన్నారావిడ మంత్రిగారితో.

"అదేమిటి? చెప్పకపోతే ఎలా?" మంత్రిగారు నిలబడిపోయారు. మంచం కూడా ఆగింది. "గుళ్ళు కావన్నారు. మరి ఏమిటి? దేశమంతా వింటోంది. కర్నల్ గారికి ఈ ఆస్పత్రిలో అసలేం వైద్యం జరిగింది? మీరు చెప్పరా, ఫైలు తెప్పించమంటారా?"

బ్యాండువాళ్ళు బూరలు దించారు. అయిదుగురు బావమరుదులూ జామచెట్టు వైపు చూస్తున్నారు. అధ్యక్షులవారు కంచు ఫలకం కిందికి నడిచారు. టోపీ తీసి గుండెలకి హత్తుకుని, మైకు కోసం చెయ్యి చాపారు. నుదుటి మీంచి చెమట కారుతోంది, మా దేశానికి చలికాలమైన జూన్‌లో, పొద్దున్న పదిన్నరకి.

"ప్రజలారా," అన్నారు, ఆయన కూడా గ్వారనీలోనే. "పొరపాటు సెక్రటరీది కాదు. నాదే. నేనే పొరబడ్డాను. మా నాన్నగారు ఈ ఆస్పత్రి గడప ఎన్నడూ తొక్కలేదు."